నా వాటా రెండు లీటర్లు

మా ఆఫీసులో రిటైరైన వాళ్లం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపొకటి ఉంది. పొద్దున పూల బొమ్మలు, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పులకు చిట్కాలు, సాయంత్రం పెన్షన్ల మీద ఏడుపులు తప్ప అందులో పనికొచ్చేదేమీ రాదు. అయినా రోజూ చూస్తాను, చూడకపోతే ఎవరు పోయారో తెలియదు కాబట్టి. మొన్న అందులో ఒకాయన, బ్యాంకాక్ టూరుకు బయలుదేరుతున్న పదిమందికీ ఉపయోగపడుతుందని, కస్టమ్స్ నిబంధనలు పెట్టాడు. మనిషికి మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు వంద, అంతకు మించితే సుంకం కట్టాలి. దాని కింద, తాగని వాళ్లు తమ వాటా వృథా చేయకుండా తన పేరు మీద రాయాలని ఇంకొకాయన, ఆయన వెనుక దండాలు పెట్టే బొమ్మలు, పగలబడి నవ్వే మొహాలు. ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. వాటా అన్న మాట ఆ అర్థంలో కనబడితే ఇప్పటికీ అక్కడ కూర్చోలేను.

మేం వెళ్లిన రోజుల్లో సిగరెట్లు రెండు వందల దాకా ఒప్పుకునేవారు, సీసాలు మాత్రం అప్పుడూ రెండు లీటర్లే. శంషాబాద్ విమానాశ్రయం ఇంకా కొత్త వాసన కొడుతున్న రోజులవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఆఫీసుల్లో ఎవరైనా విదేశం పోతున్నారంటే అదొక ఊరేగింపు. పోయేది ఎందుకు, చూసేది ఏమిటి అని అడిగిన పాపాన ఎవరూ పోరు, వచ్చేటప్పుడు ఏం తెస్తారన్నదే మాట. ఎర్రమంజిల్‌లో మా సెక్షన్‌లోనైతే ఒక పద్ధతే ఏర్పడిపోయింది: పోయివచ్చిన వాళ్లు తమ వాటా సీసాల్లో ఒకటి పెద్ద సారుకు ఇవ్వాలి. ఎవరూ రాసిన నియమం కాదు, ఎవరూ బలవంతం చేసింది కాదు, కానీ ఇవ్వకపోతే వాడికి మర్యాద తెలియదనుకునేవారు. చుక్క ముట్టని వాళ్లు సైతం వాటా వదులుకునేవారు కాదు. హక్కుగా వచ్చేది ఎందుకు పోగొట్టుకోవాలి అన్న ఆశ మన మధ్యతరగతి రక్తంలోనే ఉంది కదా, రేషను షాపులో మనం తినని గోధుమలు కూడా తెచ్చుకున్నవాళ్లం.

ఇక నా తమ్ముడి సంగతి చెప్పాలి. నాకంటే పదేళ్లు చిన్న. మా అమ్మ పోయేనాటికి వాడికి చెడ్డీ తొడుక్కోవడం రాదు. నేనే తలకు నూనె రాసి, పలక చేతికిచ్చి, బడి దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని. తల్లి లేని పిల్లవాడు కదా అని గారాబం చేయలేదు, ఆ మాట నిజంగా చెప్పాలి. అక్క చెప్పింది అక్క చెప్పినట్టు జరగాలి, అంతే. వాడూ అలాగే పెరిగాడు. పదో తరగతి తరువాత చదువు అబ్బక, కృష్ణానగర్‌లో ఎవరో స్నేహితుడు పిలిస్తే పోయి సినిమా షూటింగుల్లో లైట్‌మన్‌గా చేరాడు. తెల్లవారుజామునే కంపెనీ వ్యాను కోసం చౌరస్తాలో నిలబడటం, ఎండల్లో ఆ బరువైన లైట్లు మోయడం, పని ముగిశాక అందరూ చేరి తాగడం. అలసిన ఒళ్లు పడుకోవాలంటే అది తప్పదని వాళ్ల నమ్మకం. పాతికేళ్లు ఆ నమ్మకం మీదే బతికాడు. నలభై దాటాక ఒకనాడు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి మా ఇంటి గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నాడు.

పంజాగుట్టలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన నాకు, మా మరదలికి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు, లివరు చాలా మటుకు గట్టిపడిపోయింది, మందులతో నెట్టుకురావచ్చు, కానీ మళ్లీ ఒక్క గ్లాసు ముట్టినా తాను చేయగలిగింది ఏమీ ఉండదని. ఇక చూడాలి మా వాడిని. ఆ రోజే మానేశాడు. ఎవరూ దేవుడి ముందు ఒట్టు పెట్టించలేదు, ఏ ఆశ్రమంలోనూ చేర్చలేదు. అమీర్‌పేటలో మా ఇంటి పైన ఉన్న ఒక గదిలో పెళ్లాం బిడ్డతో ఉండేవాడు, మజ్జిగ తాగేవాడు, చేతులు వణికితే తువ్వాలు పిండుతూ కూర్చునేవాడు. అలా పద్నాలుగు నెలలు. సందు చివర వైన్స్ ముందు నుంచి పోవలసి వస్తుందని చుట్టు తిరిగి కూరగాయలకు పోయేవాడు. అది ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియలేదు. మంచిది, బుద్ధి వచ్చింది అనుకున్నాను, అంతే.

కానీ ఖాళీగా కూర్చున్న మగవాడు ఎన్నాళ్లు ఆగుతాడు? కృష్ణానగర్ స్నేహితులు వస్తూనే ఉన్నారు, అన్నా జర చిన్న పని ఉంది, బరువులెత్తేది కాదు అంటూ. మళ్లీ ఆ గుంపులో కలిస్తే మనిషి దక్కడని నాకూ మరదలికీ తెలుసు. ఆ గుంపుకు దూరంగా, నా కళ్ల ముందు ఏదో ఒక నీడపట్టు పని దొరకాలి. సరిగ్గా అప్పుడే మా ఆఫీసు రికార్డు రూములో అటెండరు ఒకడు మానేశాడు. ఔట్‌సోర్సింగ్ పోస్టు, పేరు మా పెద్ద సారు చెబితే చాలు. ఆయన కోస్తా వైపు మనిషి, చెయ్యి పెద్దది, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. కబుర్లన్నా, భోజనాలన్నా, మంచి సీసా అన్నా ప్రాణం పెట్టేవాడు. ఆయన దగ్గర కాగితం మీది సిఫార్సు పనిచేయదని మా అందరికీ తెలుసు. మనిషి వచ్చి మొహం చూపించాలి, తన చేత్తో ఏదైనా ఇవ్వాలి, అప్పుడు గుర్తుపెట్టుకుంటాడు. అదే నెలలో మా ఆయన బ్యాంకు మిత్రులతో కలిసి మేం బ్యాంకాక్ టూరుకు పోవలసి రావడం దేవుడు చూపిన దారి అనుకున్నాను నేను.

ఆ టూరులో ఏం చూశానో నన్ను అడగకండి, బంగారు బుద్ధుడు ఒక్కడే గుర్తున్నాడు. తిరిగివచ్చే రోజు విమానాశ్రయం దుకాణంలో జరిగింది మాత్రం బాగా గుర్తుంది. తాగని ఆడవాళ్ల పాస్‌పోర్టులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మా గుంపులో ఒక విధవరాలు, పెరుగన్నం తప్ప ముట్టని మనిషి, ఆవిడ రెండు లీటర్ల కోసం ముగ్గురు మగవాళ్లు వాదులాడుకున్నారు. నా వాటా నేనెవరికీ ఇవ్వలేదు. మా ఆయన సీసాలు ఆయన స్నేహితులకు పోయాయి, నా రెండూ, ఒక సిగరెట్ల డబ్బా సీలు వేసిన సంచిలో నా ఒడిలోనే హైదరాబాదు దాకా వచ్చాయి. శంషాబాదులో సుంకం కట్టనక్కరలేని వాళ్ల గ్రీన్ చానల్‌లో అందరూ దర్జాగా నడిచిపోతుంటే నేను చెరుకు గడలా బిగుసుకుని నడిచానేమో, కస్టమ్స్ అతను ఆపాడు. సంచి చూసి, లెక్క సరిగ్గానే ఉందమ్మా, ఎందుకంత భయం, ఇంతకీ ఎవరికి అని నవ్వుతూ అడిగాడు. మా తమ్ముడి కోసం అన్నాను. వాడి ఉద్యోగం కోసం అని నా భావం. ఇట్లాంటి అక్క నాకూ ఉంటే బాగుండును అన్నాడు ఆ పిల్లాడు.

తరువాతి ఆదివారం పొద్దున వాడికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. సారు ఇల్లు పంజాగుట్ట చౌరస్తా వెనుక సందులో, మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. సంచి చేతికిస్తే వాడు తీసుకోలేదు, వెనక్కి జరిగాడు.

“బావతోని పంపు అక్కా. నాకెందుకు గిది? లేకుంటే నువ్వు సుత రా.”

“ఉద్యోగం నీకా, మీ బావకా? సీసా చేతిల వట్టుకుంటెనే నిషా ఎక్కుతదా ఏంది? ఇచ్చి రమ్మంటున్న గాని తాగమంటలేను గద” అని కసిరాను.

ఇంకా చాలా చెప్పాను. చెప్పులు బయట విడవమన్నాను. కూర్చోమనే దాకా కూర్చోవద్దన్నాను. జబ్బు సంగతి ఎత్తితే ఎవరూ పని ఇవ్వరు కాబట్టి, లివరు మాట పొరపాటున కూడా పలకవద్దన్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, సారు ఏమన్నా ‘సరే సార్’ అనాలని, ఆయనకు కాదంటే కోపమని, కాదన్న మాట వాడి నోట్లో నుంచి రాకూడదని రెండుసార్లు చెప్పి, వాడి చేత సరే అనిపించాను. మరదలు మెట్ల మీద నిలబడి చూస్తోంది. వాడు సంచిని ఒంటికి దూరంగా, కాలుతున్న గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుని పోయాడు.

పదకొండుకు పోయినవాడు నాలుగింటికి వచ్చాడు. మెట్లెక్కుతుంటే ఎదురుపోయాను, పని ఏమైందో అడుగుదామని. వాసన కొట్టింది. అయ్యో, ఆ వాసన! పద్నాలుగు నెలలు మా ఇంట్లో లేని వాసన. వాడు నోరు తెరవకముందే చెంప మీద కొట్టాను. నలభై నాలుగేళ్ల మనిషిని, పెళ్లాం చూస్తుండగా, ఐదేళ్ల బిడ్డ చూస్తుండగా. కొట్టి ఊరుకున్నానా? నీకోసం పరాయి దేశం నుంచి ఆ దరిద్రం ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చానురా, నా పరువు తీశావు, నువ్వు బతికుండి ఎవరికి లాభం అన్నాను. అన్నాను, దాచడం దేనికి, అక్షరాలా ఆ మాటే అన్నాను. వాడు చెంప తడుముకుని, “సారు మంచోడే అక్కా. పని అయితది” అన్నాడు. గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో సారును భయపడుతూనే అడిగాను, అందాయా అని. అందాయమ్మా, మీ తమ్ముడు బంగారం, ఎంత చెబితే అంత, అన్నాడాయన సంతోషంగా. అంటే సీసాలు రెండూ చేరాయి. చేరాక తిరుగుదారిలో ఎక్కడో వైన్స్‌లో దూరి ఉంటాడని నేను తేల్చేసుకున్నాను. నా తెలివికి అంతకంటే దూరం తోచలేదు. వాడిని అడిగి ఉండవచ్చు. అడగడమంటే తగ్గడమనుకున్నాను.

పని అయింది. నెల తిరగకముందే కాగితం వచ్చింది. వాడు కూడా మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఆదివారం తెగిన కట్టు మళ్లీ పడలేదు. ఆఫీసులో తాగి ఎన్నడూ కనబడలేదు గాని, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు చుట్టుదారి పట్టడం మానేశాడు. నేను మాట్లాడటం మానేశాను. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే ఆఫీసులో పనిచేస్తూ, నాలుగు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున నేను పోయేసరికి నా బల్ల తుడిచి, నీళ్ల సీసా నింపి పెట్టి ఉండేది. ఫైళ్లు తెచ్చి నా ముందు పెట్టి ఒక నిమిషం నిలబడేవాడు. నేను తలెత్తేదాన్ని కాదు. ఎంత పొగరు నాది, తల్లీ! ఇలా చేస్తే సిగ్గుపడి మానేస్తాడని నా లెక్క. మరదలు ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయింది, మొగుణ్ని వెనకేసుకొస్తోందని ఆమె మీద కూడా విసుక్కున్నాను.

ఒక మధ్యాహ్నం రికార్డు రూములో రక్తం కక్కుకుని పడిపోయాడు. పంజాగుట్ట ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు. ఆ డాక్టరే వచ్చి చూసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. మూడో రోజు స్పృహ బాగానే ఉంది. నా చెయ్యి తీసుకుని, “కోపం పోయిందా అక్కా?” అన్నాడు. పోయిందిరా తమ్మీ అన్నాను. పోలేదు. మనిషి పోతున్నాడని తెలిసి కూడా, చేజేతులా చేసుకున్నాడన్న మంట గుండెలో అలాగే ఉంది. మర్నాడు పొద్దున్నే పోయాడు.

పదకొండో రోజు భోజనాలకు మా సారు వచ్చాడు. అంత పెద్ద మనిషీ చాప మీద కూర్చుని వలవల ఏడ్చాడు. అసలు జబ్బు లివరుదని ఆయనకు అప్పుడే ఎవరో చెప్పారట.

“ఒక్క మాట నాకెందుకు చెప్పలేదమ్మా? ఆ రోజు మా ఇంట్లో నలుగురు చుట్టాలున్నారు. మీరు పంపిన సీసా అతని చేతే తెరిపించాను. వద్దు సార్, వద్దు సార్ అని మూడుసార్లు అన్నాడు. నేనే, ఏంటయ్యా మొహమాటం, మీ అక్కగారు తెచ్చిందే కదా అని గ్లాసు చేతిలో పెట్టాను. మా అక్క కాదనొద్దని చెప్పింది సార్ అని నవ్వాడమ్మా. నవ్వి తాగేశాడు. ఒకటి తాగాక ఇంకోటి తనే పోసుకున్నాడు.”

ఆయన మీద అరవాలని ఉంది, కానీ ఏమని అరవను? ఆయన అతిథిని ఆదరించాడు. మర్యాద కదా మనకు, మూడుసార్లు వద్దంటే నాలుగోసారి అడగడం. జబ్బు దాచమన్నది నేను. కాదనొద్దన్నది నేను. సీసా వాడి చేతికిచ్చి పంపింది నేను. పక్కకు తిరిగితే తలుపు దగ్గర మరదలు నిలబడి ఉంది, ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

“నీకు తెలుసా?” అన్నాను.

“గా దినమే చెప్పిండు వదినా. మీకు చెప్పొద్దని బిడ్డ మీద ఒట్టు వెట్టిచ్చుకున్నడు. అక్క తట్టుకోదు, నన్ను తిట్టుకుంటెనే మంచిగుంటది అన్నడు.”

అంటే ఆ నాలుగు నెలలు నా బల్ల ముందు ఫైలు పెట్టి నిలబడ్డప్పుడల్లా, నేను తలెత్తనప్పుడల్లా, వాడు నన్ను కాపాడుతూ నిలబడ్డాడన్నమాట. చెంపదెబ్బ తిని కూడా వాడు ఆ ఒక్క వాక్యం అనలేదు. నువ్వే కదా అక్కా కాదనొద్దన్నావు అని ఒక్కసారి అని ఉంటే నేను చచ్చేదాన్నో, బతికేదాన్నో తెలియదు గాని, వాడు బతికేవాడేమో. ఆ ఆదివారం సాయంత్రమే కట్టు మళ్లీ కట్టేవాళ్లమేమో. పదిహేనేళ్లు దాటిపోయినా ఈ ఏమోలు నన్ను వదలడం లేదు.

సారు కూడా ఇప్పుడు లేడు. అమీర్‌పేట గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. మేం ఒళ్లో పెట్టుకుని తెచ్చిన అదే సరుకు ఇప్పుడు మెట్రో దిగి నాలుగు అడుగులు వేస్తే అద్దాల బీరువాల్లో వరసగా కనబడుతుంది. అయినా గ్రూపులో పెద్దమనుషులు ఇంకా తాగని వాళ్ల వాటాల కోసం పేర్లు రాయించుకుంటూనే ఉన్నారు. మారింది పిల్లలే. మా తమ్ముడి కూతురు ఇప్పుడు ఉద్యోగానికి పోతోంది. ఎవరింటికి పోయినా, ఎంత పెద్దవాళ్లు ఏమిచ్చినా, అక్కరలేకపోతే వద్దు అంటుంది. ఇంత నవ్వు కూడా కలపదు ఆ మాటకు. ఈ కాలం పిల్లలకు మొహమాటం లేదని, పెద్దల మాట కాదంటారని నా ఈడు వాళ్లు వాపోతుంటే నేను తలూపను. ఆ పిల్ల వద్దు అన్నప్పుడల్లా నాకు చెవులారా వినాలనిపిస్తుంది. వాళ్ల నాన్నకు కూడా ఆ మాట వచ్చు, పద్నాలుగు నెలలు కష్టపడి నేర్చుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, గుమ్మంలో నిలబెట్టి, ఆ ఒక్క మాట వాడి నోట్లో నుంచి నేనే లాగేసుకున్నాను.